రాయి పోయిన కొండ: రాంబీనాస్



ఏ పుణ్యస్థలం గురించి రాసినా, అక్కడి దేవుడి పేరు వెతికేముందు అక్కడికి ఎవరొచ్చారో, చేత ఏం పట్టుకొచ్చారో చూడమనేవారు మా గురువుగారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో రాంబీనాస్ గురించి మాట్లాడటం అందుకే.

లిథువేనియాలో నేమునాస్ నది కుడిగట్టున, బితేనాయ్ ఊరి దగ్గర ఉందీ కొండ. స్కాల్వియన్లనే బాల్టిక్ తెగవారికి పవిత్రస్థలం. 13వ శతాబ్దంలో ట్యూటానిక్ యోధులనే జర్మన్ క్రైస్తవ యోధసంఘం వాళ్లను లొంగదీసుకుంది. నేరుగా 1811కి వస్తాను, నేను ఏళ్ల తరబడి చదివింది దాని గురించే.

కొండమీద పెద్ద బండరాయి ఒకటుండేది. పాతకాలపు బలిపీఠమని ఊరివాళ్ల నమ్మకం. 1811లో ష్వార్త్స్ అనే మిల్లు యజమాని దాన్ని పగలగొట్టించి తిరగలిరాళ్లు చేయించుకున్నాడు. 1837లో తెట్టావు, తెమ్మె అనే జర్మన్ రచయితలు అచ్చువేసిన జానపద కథల్లో ఈ సంగతి ఉంది. రాయి కొట్టడానికి ముగ్గురు వచ్చారట. ఒకడి కళ్లలో రాతిముక్క పడి చూపు పోయింది, రెండోవాడి చెయ్యి విరిగింది, మూడోవాడు పని ముగించి ఇంటికి పోతూ జబ్బుపడి చనిపోయాడు. రాయి కదిలితే కొండ కూలుతుందని నానుడి. 1835లో కొండచరియ నిజంగానే నదిలోకి జారింది.

ఇక్కడే నాకూ కొందరు పండితులకూ పేచీ. చరియ విరిగాకే శాపం కథ పుట్టిందంటారు వాళ్లు. కావచ్చు, తేదీలూ అలాగే ఉన్నాయి. కానీ అక్కడితో ఆగరు. కొండ పవిత్రతే 19వ శతాబ్దపు జాతీయవాదుల కల్పన అంటారు. అది నేను ఒప్పుకోను. మత్తేయుస్ ప్రెటోరియుస్ 17వ శతాబ్దంలోనే ఈ కొండ పవిత్రమని, జనం అక్కడ కానుకలు పెడతారని రాశాడు. ఆయన లూథరన్ పాస్టరు. పాత దేవుళ్లను నిలబెట్టాల్సిన పని ఆయనకు లేదు, జాతీయోద్యమం అప్పటికి పుట్టనేలేదు. ఇక రెండోవైపు, పాత మతాన్ని గొప్పచేసేవాళ్లు ఉరుముల దేవుడు పెర్కూనాస్‌కు అక్కడ గుడి ఉండేదని, దాని కొలతలు కూడా చెప్పేస్తారు. వాళ్లతోనూ నాకు పొత్తు కుదరదు. పూజారులెవరో, మంత్రాలేవో మనకు దక్కలేదు. దక్కినదల్లా కానుక పెట్టిన మామూలు మనిషి ఆనవాలు. నాకు అదే పెద్ద సాక్ష్యం. బలిపీఠం పగిలింది, కొండలో కొంత నది పాలైంది, అయినా జనం రావడం మానలేదు.

ఆ రాక తర్వాత ఎలా సాగిందో క్లుప్తంగా చెబుతాను. రష్యా ఏలుబడిలోని లిథువేనియాలో లాటిన్ అక్షరాల లిథువేనియన్ పుస్తకాలపై 1904 దాకా నిషేధం నడిచింది. అప్పట్లో ఈ కొండలాగే జర్మనీలో ఉన్న, నది అవతలి తిల్సిత్‌లో అచ్చైన పుస్తకాలు దొంగచాటుగా సరిహద్దు దాటేవి. వాటిని అచ్చువేసినవారిలో మార్తినాస్ యాంకుస్ ఒకరు, బితేనాయ్‌లోనే ఉండేవారు. తర్వాత భగవద్గీతను లిథువేనియన్‌లోకి తెచ్చిన విదూనాస్ 1895లో తిల్సిత్‌లో గాయకసంఘం పెట్టి, దాన్ని వేసవి పండుగలకు ఈ కొండమీదికి తీసుకొచ్చారు. ఆ తర్వాత ఈ ప్రాంతపు ఏలుబడి పలుమార్లు మారింది. యాంకుస్, విదూనాస్ ఇద్దరూ జర్మనీలో చనిపోయారు. విదూనాస్ అస్థికలు 1991లో, యాంకుస్‌వి 1993లో బితేనాయ్ శ్మశానానికి చేరాయి. 1992 నుంచి ఈ ప్రాంతం రక్షిత పార్కు. ఇప్పుడు అవతలి గట్టు రష్యాకు చెందిన కాలినిన్‌గ్రాద్. జూన్ 23 రాత్రి మాత్రం ఇవతల కొండమీద మంటలు వేసి, లిథువేనియన్‌లో పాడుతూనే ఉన్నారు.