విచారణ తెమలలేదను పేరిట నిలిచిపోవు గ్రాట్యుటీ
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మదరాసు రాజధానిలో విశాఖపట్టణపు ఏజెన్సీగా ఉండిన మన ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సాలో చేరినది. రాయగడ 1992 అక్టోబరు 2న వేరు జిల్లా అయినది. సరిహద్దులు మారినను, సర్కారు కొలువును నమ్ముకొన్న ఇండ్లు మనలో నేటికిని ఎన్నో కలవు. అట్టి ఇంటి పెద్ద పూలదండతో, శాలువతో ఇంటికి వచ్చును. గ్రాట్యుటీ మాత్రము రాదు. ఎప్పటిదో ఒక అభియోగ పత్రముపై విచారణ తెమలలేదందురు. పిల్ల పెండ్లికి చేసిన అప్పు ఆ సొమ్మునకే కాచుకొని యుండును.

దీనికి ఆధారము 1992 నాటి ఒడిశా పెన్షను నిబంధనలు. వానిలో ఏడవ నిబంధన ప్రకారము, ఉద్యోగములో ఉండగా మొదలైన విచారణ విరమణ తరువాతను సాగవచ్చును. తీవ్రమైన దుష్ప్రవర్తన గాని అజాగ్రత్త గాని రుజువైనచో ప్రభుత్వము పెన్షనును తగ్గింపవచ్చును, ఆపవచ్చును. విరమణ తరువాత క్రొత్తగా శాఖాపరమైన విచారణ మొదలిడవలెనన్న ప్రభుత్వ అనుమతి కావలెను. నాలుగేండ్లకు మించిన పాత సంగతులను త్రవ్వరాదు. అరువదియారవ నిబంధన మేరకు తుది ఉత్తర్వులు వచ్చువరకు గ్రాట్యుటీ ఈయరు. కాని ఆ నిబంధనయే తాత్కాలిక పెన్షను ఈయవలెననియు చెప్పుచున్నది. అది సర్వీసును బట్టి రాదగిన పూర్తి పెన్షను వరకు ఉండవచ్చును. ఈ సంగతి తెలియక, అంతయు ఆగిపోయినదని ఇంట కూర్చున్నవారు కలరు. ప్రావిడెంటు ఫండు తన జీతములో తాను దాచుకొన్న సొమ్ము. దానిని గ్రాట్యుటీతో కలిపి విడిచిపెట్టుకొనరాదు. 2005 జనవరి 1 నుండి చేరినవారి పెన్షను పద్ధతి వేరు గనుక వారి మాట నేడు ఎత్తను.

ఈ నిబంధనయే అన్యాయమని నేననను. ప్రజాధనము తిన్నవాడు సన్మానముతోబాటు సొమ్మునుకూడ అందుకొని పోరాదు. కాని తప్పు తేలకముందే కాలయాపనయే శిక్ష యగుచున్నది. విచారణాధికారి బదిలీయగును, వచ్చిన క్రొత్త అధికారి పాత రిజిష్టర్లు తెమ్మనును, అవి దొరకవు. శాఖాపరమైన విచారణ సాధ్యమైనంతవరకు ఆరు మాసములలో, తప్పనిసరియైనచో ఒక ఏడాదిలో ముగియవలెనని సుప్రీంకోర్టు 2015లో ప్రేమనాథ్ బాలీ కేసున చెప్పినది. ఈ తీర్పును తన అర్జీలో ఉదహరించువారు ఎందరు?

పెన్షను దయాభిక్ష కాదు, ఆస్తి అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసున తేలినది. నిబంధనలో అధికారము లేనిదే కేవలము కార్యాలయపు ఉత్తర్వుతో పెన్షను, గ్రాట్యుటీ ఆపరాదని 2013లో ఝార్ఖండ్ కేసున తీర్పు వచ్చినది. మన రాష్ట్రమునకే చెందిన భాగీరథి జెనా కేసు 1999 నాటిది. ఆయన ఒరిస్సా స్టేట్ ఫైనాన్షియల్ కార్పొరేషను ఉద్యోగి, 1995 జూన్ 30న విరమించెను. విరమణ తరువాత విచారణ సాగించుటకు ఆ సంస్థ నియమములలో చోటు లేదు గనుక పూర్తి సొమ్ము ఈయవలసినదేనని సుప్రీంకోర్టు తీర్మానించినది. ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ తీర్పును చూచి సర్కారు ఉద్యోగి సంబరపడరాదు. అతనికి ఏడవ నిబంధన అడ్డు కలదు. కార్పొరేషన్లలో పనిచేసినవారు మాత్రము తమ సంస్థ నియమములను తెప్పించుకొని చదువవలెను.

కావున మౌనముగా కూర్చుండక వ్రాతమూలకముగా అడుగుడు. ఏ నిబంధన క్రింద ఆపినారు? అభియోగ పత్రము ఏ తేదీది? విచారణ ఎంతవరకు వచ్చినది? తాత్కాలిక పెన్షను ఉత్తర్వు ఏది? రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కు రాజ్యాంగపు 350వ అధికరణము ఇచ్చినది, తెలుగున వ్రాయవచ్చును. అయినను ఫైలు కదలవలెనన్న ఒడియా ప్రతినో ఆంగ్ల ప్రతినో జతచేయుట లౌక్యము. రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునలు 2019లో రద్దయినందున, ఇక న్యాయస్థానమునకు పోవలసివచ్చినచో కటకపు హైకోర్టే గతి. మన కొండలనుండి అది దగ్గర కాదు, ఖర్చును తక్కువ కాదు. అందుకే అర్జీలు, అందినట్లు రసీదులు మొదటినుండి భద్రపరచవలెను.

మరియొక మాట ఇంటి ఆడవారు వినవలెను. విచారణ నడుచుచుండగా ఉద్యోగి మరణించినచో శాఖాపరమైన చర్య అంతటితో ఆగిపోవును. చనిపోయినవానిపై విచారణ సాగదు. అప్పుడు మరణ ధ్రువపత్రముతో కార్యాలయమునకు వ్రాసి, నిలిచిన గ్రాట్యుటీని, కుటుంబ పెన్షనును కోరవలెను. వారంతట వారే పంపుదురని ఎదురుచూడవలదు.