ఉత్తమ శిక్షకుడెవ్వడు?



క్రీడాకథలు చెప్పు చలనచిత్రములను చూచినవారి నడుమ నొక వాదము తరచుగా చెలరేగుచుండును. ఆ చిత్రములందలి శిక్షకులలో ఉత్తముడెవ్వడు? కరాటే నేర్పిన మియాగీ యని కొందరు, హాకీ నేర్పిన కబీర్ ఖాన్ అని కొందరు వాదింతురు. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా బ్రతికిన నాకిది వినోదమాత్రముగా తోచదు. మాట కల్పితపాత్రలను గూర్చినదే యైనను, గురువును దేనిని బట్టి కొలువవలెనను ప్రశ్న యిందు దాగియున్నది.

ఈ వివాదము క్రొత్తది కాదు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున మొదటి యంకమునందే గణదాసుడు, హరదత్తుడు అను నాట్యాచార్యు లిరువురు తమలో నెవ్వ రధికులో తేల్పుడని రాజు నాశ్రయించిరి. తీర్పు చెప్పవలసినది పరివ్రాజిక. విద్య తనయందుండుట వేరు, దానిని ఇతరులయందు నాటుట వేరు, రెండును గలవాడే మొదటివాడని యామె యభిప్రాయము. కావున ఆచార్యులను గాక వారి శిష్యురాండ్రను రంగమున కెక్కించి చూడవలసివచ్చినది.

గురువునకు పరీక్ష శిష్యుడే యను నీ సూత్రము నాకు శిరోధార్యము. కాని శిష్యుని గెలుపే పరీక్షయా? 1976 నాటి 'రాకీ' చిత్రమున మిక్కీ యను ముసలి శిక్షకుడు తయారుచేసిన మల్లుడు పదునైదు రౌండ్లు నిలిచి, తుదకు తీర్పరుల లెక్కలో నోడిపోయెను. అంతమాత్రమున మిక్కీని చెడ్డ గురువని యెవ్వరును అనరు. ఆ చిత్రమునకు దర్శకుడైన జాన్ ఆవిల్డ్‌సెనే 1984లో 'ది కరాటే కిడ్' తీసెను. అందు క్రీస్ అను శిక్షకుని శిష్యుడు వెనుకటి పోటీలో విజేత. గెలుపే కొలత యైనచో క్రీస్‌కే పట్టము కట్టవలసివచ్చును. అతడు చేసినదేమి? ఎదిరి బాలుని ఆడలేకుండునట్లు గాయపరచుమని ఒక శిష్యుని కాజ్ఞాపించెను. ఆ కుర్రవాడు మనసొప్పకయే కొట్టి, వెంటనే క్షమాపణ వేడుకొనెను. పిదప ఆ గాయపడిన కాలినే తన్నుమని మరియొక శిష్యుని ప్రేరేపించెను. శిష్యునిచేత వాని యంతరాత్మ కాదన్న పనిని చేయించినవాడు ఎన్ని బహుమానములు తెచ్చినను గురువు కాడు.

అదే చిత్రమందలి మియాగీ త్రోవ వేరు. కారు తుడిపించెను, నేల నునుపు చేయించెను, కంచెకు రంగు వేయించెను. ఆ చేతి కదలికలే దెబ్బలను కాచుకొను విద్యయైనవి. గురువుగారింట నీళ్లు మోసి చదువుకొన్న సంప్రదాయ మెరిగినవారికిది మిక్కిలి యింపగును. నాకొక యాక్షేపణ కలదు. ఇది యెందులకో చెప్పకుండుటచే ఆ బాలుడు విసిగి విడిచిపోవుటకు సిద్ధపడెను. శిష్యుని శ్రద్ధ నడుగవచ్చును గాని, కారణమును దాచుట ఎల్ల పిల్లల యెడ పొసగదు.

2007 నాటి 'చక్ దే! ఇండియా'లో కబీర్ ఖాన్ పాకిస్థానుతో నాడి పెనాల్టీ తప్పిపోయి, ద్రోహి యను నింద మోసి ఏడేండ్లు మరుగుపడినవాడు. తమతమ రాష్ట్రముల పేళ్లు చెప్పుకొన్న యువతులను, దేశము పేరు చెప్పు నేర్పు వచ్చువరకు పంక్తిలో చేరనీయలేదు. గొప్ప శిక్షకుడే. అయినను పోయిన తన మర్యాదను తిరిగి సంపాదింపవలెనను కోరిక యతని వెంట నడచుచునే యుండును.

నా యెంపిక మరియొకడు. 1954లో అమెరికాలోని ఇండియానాలో, మైలన్ అను చిన్న యూరి బడి, విద్యార్థులు 161 మంది మాత్రమే కలది, రాష్ట్రపు బాస్కెట్‌బాల్ పోటీలో గెలిచినది. ఆ ఛాయలో నల్లిన కథ 1986 నాటి 'హూజియర్స్'. శిక్షకుడు నార్మన్ డేల్. వేషము జీన్ హాక్‌మన్‌ది. నాలుగుమార్లు బంతి నందించుకొనక గురి చూడరాదని డేల్ నియమము. దానిని మీరిన బాలుని కూర్చుండబెట్టి, మరియొకడు ఆటనుండి తొలగవలసివచ్చినను వానిని మరల పిలువక, నలుగురితోనే ఆట ముగించెను. ఊరివారు మండిపడిరి.

అంతటి పట్టుదల గలవాడు తుదియాట చివర నేమి చేసెనో చూడుడు. అంకెలు సమానము, మిగిలినవి కొన్ని క్షణములు. ఎదిరి జట్టు జిమ్మీనే కాచునని తలచి, వానిని ఎరగా నిలిపి బంతిని వేరొకని కందింప నాతడు పన్నాగము పన్నెను. బాలురు పలుకలేదు. ఆ మౌనము నాతడు గమనించి యడిగెను. నేను వేయగలనని జిమ్మీ చెప్పెను. డేల్ తన పన్నాగమును విడిచెను. బంతి పడినది, జట్టు గెలిచినది.

బంతి పడకున్నను నా తీర్పు మారదు. నియమమును నేర్పినవాడే, ఆ నియమమువలన పండిన శిష్యుని మాటకు తలయొగ్గెను. శిష్యుని చేవ నెరుగుటయే కాక, తన యూహకంటె దానిని మిన్నగా నమ్ముట యాచార్యత్వమునకు పరాకాష్ఠ.

మన తెలుగున 2011లో వచ్చిన 'గోల్కొండ హైస్కూల్'లో బడి మైదానము ట్యూషన్ల పాలు కాకుండ నిలువవలెనన్నచో పిల్లలు క్రికెట్ పోటీలో గెలిచి తీరవలెను. కథకు అట్టి పందెము అవసరమే. నిజమైన బడులకు మాత్రము అది వలదు. ఓడిన పిల్లలకును మైదానము కావలెను. నేను వేయగలనని పలుకు ధైర్యము వారికి కలుగునది అక్కడనే. ఆ మాటను వినగల పెద్దయొకడు ప్రక్కన నిలిచిన చాలును.