నలభై వాటాల ఇల్లు

(పెద్దాపురంలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సభలలో సాధారణంగా రిజర్వేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, వక్ఫ్ భూముల గురించి మాట్లాడుకొంటాము. అవన్నీ మాట్లాడవలసినవే. ఈ రోజు మాత్రం ఈ సభ ముగిసిన తరువాత మనమందరమూ తిరిగి వెళ్ళే ఇంటిని గురించి కొంత చెప్పదలచుకొన్నాము. ఆ ఇల్లు ఎవరిది అని అడిగితే "మాదే" అని వెంటనే సమాధానం చెబుతాము. పురపాలక సంఘం రిజిస్టరులో ఎవరి పేరున ఉన్నది అని అడిగితే మాత్రం చాలామందిమి ఒక్క క్షణం ఆగిపోతాము.

పెద్దాపురం పాత ఊరు. వత్సవాయి ప్రభువుల సంస్థానానికి కేంద్రమైన పట్టణం. 1915లో ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడినది. 1758లో ఆంగ్లేయులకూ ఫ్రెంచివారికీ జరిగిన చందుర్తి యుద్ధం మనకు సమీపంలోనే జరిగినది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు మనం తూర్పు గోదావరి నుండి కాకినాడ జిల్లాలోకి వచ్చాము. రాజ్యాలు మారినవి, జిల్లాలు మారినవి, పాండవుల మెట్ట ఉన్నచోటనే ఉన్నది. "మీ వారు ఎక్కడినుండి వచ్చారు?" అని అప్పుడప్పుడు కొందరు మన పిల్లలను అడుగుతూ ఉంటారు. రాజమహేంద్రవరంలో 1324 నాటి శాసనం గల మసీదు నేటికీ ఉన్నదని వారికి చెప్పండి. గోదావరి ఒడ్డున అజాన్ వినబడటం మొదలై ఏడు వందల ఏళ్ళు దాటినది. వచ్చినవారెవరో, ఇక్కడే పుట్టి ఈ ధర్మాన్ని స్వీకరించినవారెవరో విడదీయటం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. విడదీయవలసిన అవసరమూ లేదు.

మన పాత ఇళ్ళను చూడండి. వీధి వైపు అరుగు, వసారా, లోపల సావిడి, వెనుక పెరడు, నూతి గట్టు, పైన బంగాళా పెంకు. పొరుగున ఉన్న హిందువుల ఇల్లూ ఇంతే. ఆ దూలాలు ఎత్తిన వడ్రంగి, ఆ గోడలు కట్టిన తాపీమేస్త్రి ఇరువురికీ ఒక్కరే కనుక వేరుగా ఉండటానికి కారణం లేదు. తేడా ఎక్కడంటే, మన ఇంట వీధి గుమ్మానికి పరదా ఉంటుంది, గోడ గూటిలో గుడ్డ చుట్టిన ఖురాను ఉంటుంది, నూతి వద్ద వజూ చేసే తూటి చెంబు ఉంటుంది. రంజాను నెలలో సహరీ వేళకు వంటింట దీపం వెలిగితే, ఎదురింటి ముసలమ్మగారికి అదే గడియారం. ఆషాఢమాసంలో మరిడమ్మ జాతర వస్తే పొరుగువారి చుట్టాలకు మన అరుగు కూడా కావలసి వచ్చేది. సంక్రాంతికి అరిసెలు ఇటు వచ్చేవి, ఈదుకు సేమ్యా అటు వెళ్ళేది. ఇదంతా ఏదో సామరస్య సభలో చెప్పుకొనే మాటగా మేము చెప్పటం లేదు. ఆ గిన్నెలు ఖాళీగా తిరిగి పంపకూడదన్న నియమం వలన రెండు ఇళ్ళలోనూ ఆడవారు ఎంత సతమతమయ్యేవారో చూసినవారము.

ఇటువంటి ఇల్లు ఎంత విలువైనదో ఊరు విడిచి వెళ్ళిన మన పిల్లలకు తెలిసినంతగా మనకు తెలియదు. హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో, బెంగుళూరులోనో ఉద్యోగం దొరికిన పిల్లవాడు అద్దె ఇంటికోసం ఫోను చేస్తాడు. పేరు చెప్పేవరకు ఇల్లు ఖాళీగానే ఉంటుంది. పేరు చెప్పిన తరువాత "నిన్ననే ఇచ్చేశామండీ" అంటారు. 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా ఇల్లు కొనుటలోను, అద్దెకు తీసికొనుటలోను ముస్లిములు ఎదుర్కొనే ఇబ్బందిని ప్రస్తావించినది. అటువంటి నాలుగు ఫోన్ల తరువాత ఆ పిల్లవాడు ఇంటికి ఫోను చేసి, ఏ కారణమూ లేకుండా, "అమ్మీ, పెరట్లో కొబ్బరిచెట్టు కాయలు దింపించారా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న కొబ్బరికాయలను గురించి కాదని ప్రతి తల్లికీ తెలుసు.

కువైట్ వెళ్ళినవారి సంగతీ అంతే. మన గోదావరి ప్రాంతం నుండి మగవారే కాదు, ఎందరో ఆడవారు అక్కడి ఇళ్ళలో పనికి వెళ్ళారు. ఇంకొకరి ఇల్లు తుడిచి పంపిన సొమ్ముతో ఇక్కడ పెంకు తీసివేసి స్లాబు వేయించినవారు ఉన్నారు. ఇల్లు అంటే వారికున్న మమకారాన్ని మనం కొలవలేము.

ఇంత మమకారం ఉన్న ఇళ్ళే మన కళ్ళ ఎదుట పాడుపడుతున్నవి. తాళం వేసిన ఇళ్ళు, కోర్టులో దావా నడుస్తున్న ఇళ్ళు, ఒక గది ఒకరికి మరొక గది మరొకరికి అని నడిమింట ఇటుక గోడ లేచిన ఇళ్ళు. బయటివారు వచ్చి లాగుకొన్నవి వీటిలో బహు తక్కువ. తాతగారి మరణానంతరం వారసులు కూర్చొని వాటాలు తేల్చుకోకపోవటమే అధికభాగం వీటి జబ్బు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలోనూ, తరువాత సంఘసేవలోనూ మేము చూసిన కాగితాలను బట్టి ఈ మాట చెబుతున్నాము.

లెక్క చాలా సులువైనది. ఒక వ్యక్తి మరణించారు. ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. తల్లిదండ్రులు అంతకుముందే గతించారు. అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలినది ఈ ఇల్లు. దీనిని నలభై వాటాలు అనుకోండి. పిల్లలున్నారు కనుక భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 5 వాటాలు. మిగిలిన 35లో కుమారునికి కుమార్తెకు రెండింతలు. కాబట్టి కుమారులకు చెరి 14, కుమార్తెకు 7. మొత్తం నలభై. ఇది ఏ వకీలూ కనిపెట్టినది కాదు. సూరా నిసాలో అల్లాహ్ నిర్ణయించిన భాగాలు. 1937 నాటి షరియత్ చట్టం ప్రకారం ఈ దేశపు న్యాయస్థానాలు అమలుచేసే లెక్క కూడా ఇదే.

ఇప్పుడు నిజం చెప్పుకొందాము. ఆ 5 వాటాలను, ఆ 7 వాటాలను మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఇచ్చారు? తల్లిని "నీవు ఎక్కడికి పోతావమ్మా, మా దగ్గరే కదా ఉంటావు" అంటారు. ఆపాను "నీ పెళ్ళికి అంత ఖర్చుపెట్టాము కదా" అంటారు. మెహర్ పుచ్చుకొనవలసిన పిల్లకు కట్నం ఇచ్చి పంపటం మన ధర్మంలో లేదు, 1961 నుండి ఈ దేశపు చట్టం దానిని నేరమన్నది. లేని ఆచారాన్ని పాటించి, దానిని చూపి, ఉన్న హక్కును ఎగవేయటం ఏమి న్యాయం? పెళ్ళి ఖర్చు వారసత్వానికి చెల్లుబాటు కాదు. తండ్రి బ్రతికి ఉండగా "నాకు వాటా వద్దు" అని కుమార్తె చేత వ్రాయించుకొన్న కాగితమూ అటువంటిదే. తండ్రి మరణించేవరకు ఆమెకు హక్కే పుట్టలేదు. పుట్టని హక్కును వదులుకొనుట ఎట్లా?

షరియత్ జోలికి రావద్దని ప్రభుత్వాలను హెచ్చరిస్తూ మనం ఊరేగింపులు చేశాము. అది మన రాజ్యాంగ హక్కు. కాని ఆ షరియత్ ఆడపిల్లకు ఇచ్చిన ఏడు వాటాలు సావిడిలోనే ఆగిపోతే, ఆ ఊరేగింపులో మన పక్కన నడిచిన ఆమెకు మనం ఏమి సమాధానం చెబుతాము? ఈ మాట కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా ఇది మనమే చెప్పుకోవాలి.

ఇక హిబా గురించి. ముస్లిముల మధ్య దానానికి దస్తావేజు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. ఇచ్చేవారు ఇస్తున్నానని ప్రకటించాలి, పుచ్చుకొనేవారు అంగీకరించాలి, ఆస్తి స్వాధీనం చేయాలి. ఈ మూడూ జరగాలి. మనవారు మొదటి మాట మాత్రమే విని, తెల్ల కాగితం మీద వ్రాసిచ్చి, మంచం కూడా జరపకుండా ఆ ఇంటిలోనే ఉంటారు. తరువాత ఇరవై ఏళ్ళు కోర్టు చుట్టూ తిరిగేది పిల్లలు. తప్పనిసరి కాకపోయినా రిజిస్టరు చేయించుకొనుట మంచిది. అంతకన్న ముఖ్యమైనది, అది ఎవరిని తప్పించటానికి చేస్తున్నారన్నది. ఒక్క కుమారునికే దానం చేసి సాక్షిగా ఉండమని కోరిన సహాబీకి ప్రవక్త (స) సాక్ష్యం ఇవ్వటానికి నిరాకరించిన ఉదంతం మన పిల్లలు కూడా చదివినదే. వీలునామా కూడా మూడవ వంతుకు మించి చెల్లదు, మిగిలిన వారసుల సమ్మతి లేనిదే ఒక వారసునికి వ్రాస్తే చెల్లదు.

మరమ్మతుల తగాదా మరొకటి. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు స్లాబుకు డబ్బు పంపుతాడు. ఊళ్ళో ఉన్న అన్న ఎండలో నిలబడి పని చేయిస్తాడు. పదేళ్ళ తరువాత తమ్ముడు "నా డబ్బుతో కట్టిన ఇల్లు" అంటాడు, అన్న "నా చెమటతో కట్టిన ఇల్లు" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పటం లేదు. ఆ స్లాబు క్రింద నేల నలభై వాటాలుగా ఉన్నదని, అందులో ఏడు వాటాలు కాకినాడలో కాపురం ఉంటున్న చెల్లెలివని మాత్రం ఇద్దరూ మరచిపోయారు. ఒక వారసుడు ఇంటిలో కాపురం ఉన్నంత మాత్రాన, ఇంటి పన్ను కట్టినంత మాత్రాన మిగిలినవారి హక్కు పోదు. డబ్బు పంపే ముందే ఒక కాగితం మీద, ఇది అప్పా, దానమా, వాటా కొనుగోలుకు బయానానా అన్నది వ్రాసుకోండి. అన్నదమ్ముల మధ్య కాగితమేమిటి అని సిగ్గుపడతారు. అప్పు ఇచ్చిపుచ్చుకొన్నప్పుడు వ్రాసుకొనమని ఖురాను ఆదేశించినది, అందులో సిగ్గేమున్నది?

ఈ కాగితాల గురించి ఇంత పట్టుబట్టటానికి మరొక కారణం ఉన్నది. కొన్ని రాష్ట్రాలలో నేరారోపణ వచ్చినదే తడవుగా ఇళ్ళమీదికి బుల్డోజర్లు రావటం మనమందరమూ చూశాము. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దీనిపై తీర్పు చెబుతూ, ఒకరు నిందితుడైనంత మాత్రాన కుటుంబం తలదాచుకొనే ఇంటిని కూల్చరాదన్నది. కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలని, చెప్పుకొనే అవకాశం ఇవ్వాలని ఆదేశించినది. మంచి తీర్పు. అయితే రోడ్డు, కాలిబాట, నది వంటి బహిరంగ స్థలాలలోని ఆక్రమణలకు ఆ రక్షణ వర్తించదని కూడా అదే తీర్పులో ఉన్నది. కనుక "ఇది ఆక్రమణ కాదు, మా తాత కొనుక్కొన్న స్థలం" అని ఆ 15 రోజులలో చూపగలగాలి. మన ఊళ్ళో అటువంటి పరిస్థితి రాలేదు, అల్లాహ్ దయవలన రాకూడదు. నోటీసు వచ్చిన రోజున వెతకటం మొదలుపెడితే మాత్రం 1950ల నాటి దస్తావేజు అటక మీద చెదలు మధ్య దొరకదు.

వక్ఫ్ విషయం ఇక్కడ ఒక్క మాటతో వదిలివేస్తాము, దానికి వేరే సభ కావాలి. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సవరణ చట్టంపై మన అభ్యంతరాలు న్యాయస్థానం ముందున్నవి. సెప్టెంబరు 15న కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు తాత్కాలికంగా నిలిపివేసినది. అదే చట్టంలో, కుటుంబ వక్ఫ్ పేరుతో స్త్రీల వారసత్వాన్ని తప్పించరాదని ఒక నిబంధన ఉన్నది. ఆ మాట పార్లమెంటు నుండి వినవలసిన స్థితికి ఎందుకు వచ్చామో మగవారు ఆలోచించాలి.

ఇంటి కాగితాలు అంటే భయపడవలసినంత పని కాదు. చనిపోయినవారి మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, దొరికినంతలో పాత దస్తావేజులు, పన్ను రసీదులు. దస్తావేజు పోతే నంబరు, సంవత్సరం తెలిస్తే చాలు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు తీసుకోవచ్చును. ఈసీ తీయించి చూసుకోండి. మీకు తెలియకుండా రిజిస్టరైన తాకట్టు ఉంటే అందులో కనబడుతుంది. పన్ను రసీదు ఒక్కటే హక్కు పత్రం కాదు, అయినా అది లేకపోతే మొదటి మెట్టే ఎక్కలేము. వాటాలు తేలిన తరువాత భాగ పరిష్కార దస్తావేజు రిజిస్టరు చేయించి, పురపాలక సంఘంలో పేరు మార్పిడికి దరఖాస్తు ఇవ్వాలి. ఇల్లు ముక్కలు చేయనవసరం లేదు. ఒకరు ఉంచుకొని మిగిలినవారి వాటాలకు సొమ్ము చెల్లించవచ్చును. ఆపా తన వాటాను తమ్మునికి మనస్ఫూర్తిగా ఇవ్వదలిస్తే, ముందు ఆమె వాటా ఆమె చేతికి ఇవ్వండి, తరువాత ఆమె ఇష్టం.

వచ్చే శుక్రవారం నుండి నాలుగు జుమాలు, నమాజు తరువాత అసర్ వరకు మేము మసీదు వరండాలో కూర్చొంటాము. దరఖాస్తులు వ్రాసి పెట్టటానికి ఇద్దరు యువకులు ఒప్పుకొన్నారు. ఆడవారికి పక్క గదిలో ఏర్పాటు ఉన్నది, వారితో మాట్లాడటానికి చదువుకొన్న ఒక సోదరి ఉంటారు. కాగితాల సంచితో రండి. మగవారు రాదలిస్తే అక్కచెల్లెళ్ళను కూడా వెంటబెట్టుకొని రండి. వారి సంతకం లేకుండా ఏ దరఖాస్తూ మేము వ్రాయము.