మన నడక, మన మూలిక, మన రక్తనాళం
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇప్పటిదాకా మన భాష గురించి, మన ఆటపాటల గురించి విన్నారు. నేను మన ఒంట్లోని రక్తనాళాల గురించి నాలుగు మాటలు చెప్తాను. ఆటకూ వాటికీ దగ్గరి సంబంధమే ఉంది.

గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్ళే ధమని ఇనుప గొట్టం లాంటిది కాదు. అవసరాన్ని బట్టి వెడల్పవుతుంది, ఇరుకవుతుంది. దాని లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన పల్చటి పొర ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. రక్తం జోరుగా పారుతూ ఆ పొరను ఒరుసుకున్నప్పుడు, అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతుంది. దాంతో నాళం గోడలోని కండరం వదులై దారి వెడల్పవుతుంది. ఈ వాయువు చేసే పనిని బయటపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి రక్తం జోరుగా ఎప్పుడు పారుతుంది? కొండెక్కినప్పుడు, పోడు చేలో పనిచేసినప్పుడు, ఒకరి నడుము ఒకరు పట్టుకుని థింసా ఆడినప్పుడు. ఒళ్ళు రోజూ కదిలితే ఆ పొర తన పని మరిచిపోదు. గంటల తరబడి కూర్చున్నా, పొగాకు అలవాటైనా, బీపీ, షుగర్ ముదిరినా అది దెబ్బతింటుంది.

మన తాతలు వ్యాయామం అని వేరే చేయలేదు. వాళ్ళ బతుకే నడక. మనకు హాస్టల్ చదువు, టౌన్‌లో ఉద్యోగం, సంతకు బైకు వచ్చాయి. రావలసినవే. కానీ పోయిన నడకను మళ్ళీ తెచ్చుకోవాలి. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు వేగంగా నడిస్తే చాలు.

ఇక మూలికల మాట. సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. 1952లో ఆ వేరు నుంచి రెసర్పిన్ అనే మందును వేరుచేశారు. ప్రపంచమంతా దాన్ని వాడింది. మోతాదు ఎక్కువైతే మనిషి తీవ్రంగా దిగులు పడిపోతాడని కూడా తర్వాత గమనించారు. అడవి మొక్కలో నిజంగా బలం ఉంది. బలం ఉంది కాబట్టే హాని కూడా చేయగలదు.

ఈ రోజు ఫోన్‌లో "అడవి మూలికల పొడి, బీపీ మాయం" అని మన పేరు చెప్పి అమ్ముతున్నారు. ఆ డబ్బాలో ఏముందో, ఎంత ఉందో చాలాసార్లు కొన్నవాళ్ళకు తెలియదు. వెల్లుల్లి బీపీని కొంచెం తగ్గించవచ్చు. కానీ రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళు వెల్లుల్లి మాత్రలు కూడా వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది. తెల్లమద్ది బెరడు మీద పరిశోధనలు జరిగాయి. అది తాగి బీపీ బిళ్ళ మానేయవచ్చని మాత్రం ఏ పరిశోధనా తేల్చలేదు.

బీపీకి చాలామందిలో నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు. పొడి తాగి ఒళ్ళు తేలిగ్గా ఉందని బిళ్ళ మానేసిన మనిషికి అసలు సంగతి తెలిసేది కాలూ చెయ్యీ పడిపోయాకే. రోడ్డు సరిగా లేని మన గూడేల నుంచి పెద్దాసుపత్రికి చేరేలోపు విలువైన సమయం పోతుంది. నా భయమంతా అదే.

అందుకే మిమ్మల్ని మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, ఈ నెలలోనే ఇంట్లో పెద్దవాళ్ళను ఆశా అక్క దగ్గరికో, ఏఎన్‌ఎం దగ్గరికో తీసుకెళ్ళి బీపీ చూపించండి. 140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే డాక్టరును కలవండి. రెండు, ఇంట్లో ఏ వేరు, ఏ పొడి వాడుతున్నా దాచకుండా డాక్టరుకు చెప్పండి. మూడు, మన వైద్యం తెలిసిన పెద్దల దగ్గర కూర్చుని రాసుకోండి. మొక్కకు మన భాషలో పేరేంటి, ఏ భాగం వాడాలి, ఎంత వాడాలి, ఎవరికి ఇవ్వకూడదు? వాళ్ళకు తెలిసిన ఆ కొలతలు ఏ డబ్బా మీదా ఉండవు. వాళ్ళతోనే అవి పోకూడదు.

ఇక డప్పు మోగబోతోంది. కుర్చీల్లో ఉండిపోకండి, లేచి ఆడండి.

జోహార్.