ఇత్తడి బాణీకి వయొలిన్ల తోడు

1938లో బాబ్ క్రాస్బీ బ్యాండు కోసం బాబ్ హాగర్ట్ ఒక బాణీ కట్టాడు. అప్పటికి దానికి మాటల్లేవు. బిల్లీ బటర్‌ఫీల్డ్ ట్రంపెటే దాని గొంతు. మరుసటి ఏడాది జానీ బర్క్ సాహిత్యం చేరాక అది ‘వాట్స్ న్యూ’ పాటయింది. 1983లో గాయని లిండా రాన్‌స్టాట్ కోసం నెల్సన్ రిడిల్ దాన్ని వయొలిన్ల బృందానికి కూర్చాడు. ఆయన ఒకప్పుడు టామీ డోర్సీ బ్యాండులో ట్రాంబోన్ వాయించినవాడే!

ట్రంపెట్ ఊదేవాడు ఊపిరికి ఆగాలి. వయొలిన్ కమానుకు ఆ ఇబ్బంది లేదు. స్వరాన్ని ఎంతసేపైనా సాగదీస్తుంది. అందుకే నాట్యశాలకు పుట్టిన బాణీలో దాగిన దిగులు వయొలిన్ల మీద అంతగా పైకి తేలుతుంది. గాయని గొంతును అవి ఎక్కడా మింగెయ్యవు. నా మటుకు, రిడిల్ గొప్పతనం ఆ సంయమనంలోనే ఉంది. పాత ట్రంపెట్ రికార్డునూ, ఈ పాటనూ ఒకదాని వెంట ఒకటి వినండి.