ఎండలో తిరగొద్దంటే ఎలా?

(మిరప కోతల ముందు జరిగిన రైతు, కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, అప్పుల గురించి మాట్లాడే ఈ వేదిక మీద ఒంటికి రాసుకునే క్రీము సంగతేమిటని కొందరు నవ్వొచ్చు. పోయిన కోతల్లో మా ఊరి ఆడవాళ్లు నలుగురు మెడ మీద, ముంజేతుల మీద దద్దుర్లు, మంటతో పది రోజులు పని మానుకున్నారు. ఆ కూలి ఎవరిచ్చారు? డాక్టరుకు చూపిస్తే, "మీది సున్నితమైన చర్మం, ఎండలో తిరగొద్దు" అన్నారు. ఎండలోకి పోకుండా మనకు పూట గడిచేదెలా? అందుకే అడిగి, చదివి మేము తెలుసుకున్నది చెబుతున్నాం.

మొదటి రక్షణ బట్టే. చీర మీద నిండు చేతుల చొక్కా, తలకు రుమాలు మనకు అలవాటే. ఒళ్లంతా ఒకసారి సన్‌స్క్రీన్ పూయాలంటే సుమారు 30 గ్రాములు కావాలి. 50 గ్రాముల ట్యూబు రెండు పూతలకు కూడా చాలదు. కాబట్టి బట్ట కప్పని ముఖం, మెడ, చేతుల వెనక భాగానికే పూయండి.

పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తు చూసినట్టే ట్యూబు మీద రాసింది కూడా చూడాలి. ఎస్‌పీఎఫ్ 30 లేక అంతకు మించి ఉండాలి. బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉండాలి. సున్నితమైన చర్మానికి జింక్ ఆక్సైడ్ ఉన్నది, వాసన కలపనిది మేలు. గ్లిజరిన్ ఉంటే పొడిబారిన చర్మానికి తేమ నిలుస్తుంది. ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి రెండు మూడు రోజులు చూడండి. దురద, మంట వస్తే అది మనకు పడదు. ఎండలోకి పోయే పావుగంట ముందు పూయాలి, చెమటకు పోతుంది కాబట్టి రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. కారం చేతులతో పూస్తే మంట ఇంకా పెరుగుతుంది, ముందు సబ్బుతో కడుక్కోండి.

మూడు జాగ్రత్తలు. కొబ్బరి నూనె తేమ నిలుపుతుంది గానీ ఎండను ఆపదు. షాపువాడు ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబు నాలుగు రోజులు హాయినిచ్చినా, వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది. ఇక సన్‌స్క్రీన్ పిచికారీకి రక్షణ కాదు. కొన్ని సన్‌స్క్రీన్లు మందు చర్మంలోకి దిగడాన్ని పెంచుతాయని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. పిచికారీకి చేతి తొడుగులు, మాస్కు, నిండు బట్టలే దిక్కు.

గట్ల మీది వయ్యారిభామ వల్ల కూడా ఇలాంటి దద్దుర్లే వస్తాయి, ఎండ తగిలితే ముదురుతాయి. దద్దుర్లు తగ్గకపోతే క్రీములు మార్చుకుంటూ కూర్చోకుండా చర్మ డాక్టరుకు చూపించాలి.

అయితే భారమంతా కూలి మనిషి ట్యూబు మీద వేసి మనం చేతులు దులుపుకోకూడదు. కోతలు తెల్లవారుజామున మొదలుపెట్టి నడి ఎండలో ఆపుదాం. చేను గట్టున నీడ, నీళ్లు పెట్టడం రైతులుగా మన బాధ్యత. ఉపాధి హామీ పనుల దగ్గర నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె చట్టం ఇచ్చిన హక్కు, అడిగి సాధించుకుందాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నెలకోసారైనా చర్మ డాక్టరు రావాలని, అవసరమైనవారికి సన్‌స్క్రీన్ ఉచితంగా ఇవ్వాలని వచ్చే గ్రామసభలో తీర్మానం పెడదాం.

పంటకు తెగులొస్తే ఆకు తిప్పి చూస్తాం. మన ఒంటిని కూడా అలాగే చూసుకుందాం.