బండలే ద్వీపాలు
(ప్రసంగ పాఠం)



మెక్సికో దేశపు కాలిఫోర్నియా సింధుశాఖలో శాన్ ఎస్టెబాన్ అనే ఎడారి దీవి ఉన్నది. అక్కడి చక్‌వాలా అనే పెద్ద తొండ ఆ దీవిలోను, పరిసరాలలోని చిన్న దీవులలోను తప్ప మరెక్కడా సహజంగా జీవించదు. అపాయం ఎదురైనప్పుడు రాతి సందులో దూరి, ఒంటిని గాలితో ఉబ్బించి, ఎంత లాగినా రాకుండా బిగుసుకొంటుంది. చుట్టూ ఉన్న సముద్రమే దానికి కోట; ఆ సముద్రమే దానికి చెర. దీవి పాడైతే తలదాచుకొనే చోటు వేరే లేదు.

ద్వీపం కావడానికి సముద్రమే అక్కరలేదు. తిరుపతి కొండలు అందుకు సాక్ష్యం. మద్రాసు అటవీ అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1870లో అక్కడి బంగారు బల్లిని శాస్త్రలోకానికి పరిచయం చేసినాడు. పిమ్మట దశాబ్దాల తరబడి అది పండితుల దృష్టికి దూరమైపోయినది. మరల కనుగొనబడిన వృత్తాంతం 1986లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడినది. తరువాత తూర్పు కనుమలలో మరికొన్ని చోట్ల కూడ కానవచ్చినది. దాని అతి సమీప బంధువు శ్రీలంకలో నివసిస్తుంది.

సంతానోత్పత్తి కాలంలో మగబల్లి మేలిమి పసుపు వన్నెతో మెరుస్తుంది. ఆడబల్లులు అనేకం ఒకే చల్లని బండ సందున గుడ్లను రాతికి అంటించి పెడతాయి. ఆ బండను పగులగొట్టితే పోయేది ఒక్క ప్రాణి కాదు. అనేక కుటుంబాల పుట్టిల్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ కల్పించినది. అయితే చట్టం చేరలేని సందులు కొండలలో ఎన్నో.

బల్లి మీద పడితే దోషమని భయపడి, కంచి వరదరాజస్వామి ఆలయంలో బంగారు బల్లిని తాకి వచ్చేవారు తెలుగునాట ఎందరో. ప్రాణమున్న బంగారు బల్లి తిరుమల బండలలో ఉన్నదని ఎరిగినవారు కొందరే. భారతదేశపు బల్లులలో విషం గలది ఒక్కటైనా లేదన్న సత్యం కూడ ఇంటింటికి చేరలేదు.

విసాపూర్, బల్లార్షా ప్రాంతాలలో బంగారు బల్లి లేదు. కాని మరాఠీ నేల నడుమ తెలుగును నిలుపుకొన్న కుటుంబాలకు ద్వీపమనే మాటకు అర్థం వేరే చెప్పనక్కరలేదు. చిన్న చోటే ఒక జాతికి సర్వస్వం కాగలదని వారు ఎరుగుదురు. పాఠశాల గోడమీది బల్లిపై రాయి విసరబోయిన బాలుని చేయి ఆగిన నాడు, ఆ ఎరుక తరువాతి తరానికి అందినట్లే.

స్వస్తి.